సాటిరాని బీమా

కోతబల్ల మీదికి చేపలు ఆగకుండా వస్తున్నాయి. లువీనియా వేళ్లు కొయ్యబారి కత్తి మాట వినడం లేదు. మిసిసిపీ డెల్టాలోని ఆ చేపల ఫ్యాక్టరీలో ఆమె జుట్టు నెరిసింది. అరవై ఏడేళ్లు వచ్చాయి, ఈ నెలాఖరుకి మానేద్దామనుకుంది. నిన్నటితో ఆ ఆశా పోయింది.

అరవై ఐదు నిండినప్పుడే, ఆ వయసువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌లో మందుల బీమా తీసుకోబోయింది. సిబ్బంది వ్యవహారాలు చూసే హ్యాచర్ వద్దన్నాడు. "కంపెనీ బీమా ఉండగా అదెందుకు, డబ్బు దండగ!" కంపెనీ బీమా మెడికేర్‌కి సాటిగా ఉన్నంతకాలం ఆగినా నష్టం లేదు. ఆ మరుసటి ఏడే కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని నాసిరకానికి మార్చింది. ఎవరికీ చెప్పలేదు. నిన్న కౌంటీ సలహా కేంద్రంలోని అమ్మాయి ఆరా తీస్తే బయటపడింది. ఇప్పుడు చేరితే ఆలస్యానికి నెలనెలా జరిమానా, అదీ బతికున్నన్నాళ్లూ. అప్పీలు చేసుకోవచ్చంది ఆ అమ్మాయి. నెగ్గుతావని మాత్రం అనలేదు.

ఇంతలో హ్యాచర్ ఒక కాగితం పట్టుకుని పక్క బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆసీ మే చేపల తోలు ఒలుస్తోంది. చక్కెర జబ్బు మనిషి. వచ్చే నెల ఆమెకి అరవై ఐదు.

"బీమా సంగతులన్నీ వివరంగా చెప్పామని ఒక సంతకం పెట్టమ్మా."

"చెప్పేదేముంది బాబూ, మనదుంటే చాలంటివి కదా," అంటూ ఆసీ మే తడిచేతులు తుడుచుకుంది.

ఆ సంతకం పడితే, రేపు మాకెవరూ చెప్పలేదని అప్పీలు చేసుకోడానికీ ఉండదని లువీనియాకి తట్టింది. నోరు విప్పితే ఈ నెలాఖరు దాకా కూడా ఉండనివ్వరు. మూసుకుంటే ఆసీ మే కూడా తనలాగే మునుగుతుంది.

"పెట్టకే ఆసీ!"

హ్యాచర్ ముఖం మాడింది. "నీ పని నువ్వు చూసుకో, మిస్ లువీనియా."

"నా పని నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నా. నీ మాట నమ్మి నిండా మునిగా. మన బీమా మెడికేర్‌కి సాటి వస్తుందా రాదా? ఆ ఒక్క ముక్క చెప్పు."

"అదంతా ఆఫీసులో మాట్లాడుకుందాం."

"ఆఫీసెందుకు? సాటి వస్తుందని రాసి, కింద నీ సంతకం పెట్టు. ఆ తర్వాత ఆసీ పెడుతుంది."

హ్యాచర్ పెన్ను కదల్లేదు. ఆసీ మే అతని ముఖంలోకి చూసింది. చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అయితే నేను పెట్టను బాబూ."

"ఇద్దరూ ఇంటికెళ్లాలనుందా?" హ్యాచర్ గొంతు లేచింది.

బల్లల మీద చేపలు గుట్టపడుతున్నాయి. అవతలి వరసలోంచి కొరీన్ వచ్చింది. పొద్దున్నే సంతకం పెట్టిన మనిషి. చేతి తొడుగు ఊడదీసి, ఖాళీ అరచెయ్యి అతని ముందు చాపింది.

"నా కాగితం నాకిచ్చెయ్యి."