ఏసీ కారులో నీచు వాసన

జనార్దనరావు గారి కారులో ఏసీ వేస్తే నీచు వాసన వచ్చేది. అద్దాలు దించి ఉన్నంతసేపూ ఏమీ తెలిసేది కాదు. అద్దాలెత్తి ఏసీ మీట తిప్పారంటే మాత్రం కాసేపట్లోనే ముక్కు మూసుకోవలసి వచ్చేది. ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో గుడివాడలో ఆ ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. డ్రైవరు కోటిలింగం దగ్గర్నుంచి. నాగాయలంక అవతల సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడు, తల్లి రాఘవమ్మ ఇప్పటికీ బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్ముతుంది. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

ఆ కారు కొన్నది రొయ్యల డబ్బుతోనన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. తొంభైలలో నాగాయలంక వైపు పొలాలు రొయ్యల చెరువులైపోయాయి. రావుగారికి రెండు పంటలు కలిసొచ్చాయి. విజయవాడలో ఎవరో డాక్టరు వాడి వాడి వదిలేసిన పాత కారును, ఏసీ ఉందన్న ఒక్క మోజుతో కొనేశారు. రొయ్యలకుండే వాసన రొయ్యల డబ్బుకు ఉండదు కాబోలు.

రావుగారు చెడ్డమనిషి కాదు. డ్రైవర్ని ఏనాడూ కసురుకోలేదు. ఆ మెత్తదనమే కోటిలింగం ప్రాణం తీసేది.

"ఏవయ్యా, ఇవాళ ఇంట్లో పులుసా, వేపుడా?" అని నవ్వుతూ అడిగేవారు. వెనక సీట్లో ఆయన భార్య వెంకటరత్నమ్మ గారు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుండేవారు.

కోటిలింగం తిరిగి ఒక్క మాట అనలేదు. అనడానికి ముందు నమ్మకపోవాలి కదా. అతనూ నమ్మాడు. పొద్దునా సాయంత్రం ఒళ్ళు ఎర్రబడేదాకా సబ్బుతో తోముకున్నాడు. ఉతికిన చొక్కా మడతల్లో కర్పూరం బిళ్ళలు పెట్టాడు. ఎండుచేపల కూరంటే పడి చచ్చేవాడు, ఆ పేరెత్తడం మానేశాడు. మకాం గుడివాడలోనే అయినా, చెరువుల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఇంటికి ఓ అడుగు వేసి, ఆ కాస్త సేపట్లోనే తల్లి మీద విరుచుకుపడేవాడు.

"నా బట్టల దగ్గర బుట్ట పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పరువు పోతోంది అక్కడ!"

రాఘవమ్మ బుట్ట తీసుకెళ్ళి దొడ్లో పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అప్పుడు వచ్చి కొడుక్కి అన్నం పెట్టేది.

ఇదంతా ఒక ఎత్తు, శ్రావణ మాసంలో జరిగింది ఒక ఎత్తు.

చెరువుల దగ్గర్నుంచి రావుగారినీ వెంకటరత్నమ్మ గారినీ ఎక్కించుకుని అవనిగడ్డ మీదుగా తిరిగి వస్తున్నాడు. వాన దంచి కొడుతోంది. రోడ్డు పక్క స్టాపులో, పైన కప్పన్నది లేని చోట, రాఘవమ్మ బుట్టతో నిలబడి ఉంది. చేపల బుట్ట ఉంటే కండక్టరు బస్సెక్కనివ్వడు. ఏ ఆటోవాడికో జాలి కలగాలి, అంతవరకు తడవాలి. రావుగారు ఆవిణ్ణి ఒకసారి చెరువు గట్టు మీద చూసి ఉన్నారు.

"ఆగాగు. ఆవిడ మీ అమ్మ కాదూ?" అన్నారు.

కోటిలింగం కాలు అప్పటికే బ్రేకు మీదికి వెళ్ళింది. కానీ కారు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఏసీ నడుస్తోంది. వాసన మొదలైంది, వెనక సీట్లో చెంగు ముక్కు దగ్గరికి చేరింది. ఇప్పుడు ఆవిడ ఈ తడిచీరతో, ఈ బుట్టతో ఈ కారెక్కితే?

"కాదండీ," అన్నాడు. "ఎవరో అండీ."

కారు సాగిపోయింది. అతను అద్దంలోకి చూడలేదు. చూస్తే కనిపిస్తుందని తెలుసు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఏసీ చల్లదనం పూర్తిగా పోయింది. అంతకు ముందు తగ్గినప్పుడల్లా గ్యాసు కొట్టించి ఊరుకునేవారు. ఈసారి ఎక్కడ కారిపోతోందో తేల్చుకు రమ్మని రావుగారు కారిచ్చి బందరు పంపించారు. కోనేరు సెంటరుకు కాస్త అవతల దైవాధీనం షెడ్డు. ఏసీల పని చేస్తాడని పేరు.

దైవాధీనం లోపల కూర్చుని అద్దాలెత్తి ఏసీ వేశాడు. క్షణంలో మొహం చిట్లించుకున్నాడు.

"అబ్బబ్బ! ఏం కంపయ్యా ఇది?"

పక్క సీట్లో కోటిలింగం తల దించుకున్నాడు. "నా వల్లేనండీ. మాది చేపలోళ్ళ ఇల్లు. నేను దిగి బయట నిలబడతాను, మీరు చూసుకోండి." అని నిజంగానే దిగి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

దైవాధీనం కాసేపు కారులోనే కూర్చుని, బయటికొచ్చి, కోటిలింగం భుజం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన చూశాడు.

"నీ దగ్గర సబ్బు, కర్పూరం తప్ప ఏమీ లేదు. గుళ్ళోంచి వచ్చినట్టున్నావు. నువ్వు దిగిపోయాక కూడా లోపల కంపు అట్లాగే ఉంది. నీదైతే నీతో రాదూ?"

ఇన్నాళ్ళలో ఇంత చిన్న సంగతి కోటిలింగానికి తట్టలేదు. చదువుకున్న రావుగారికీ తట్టలేదు. తట్టించుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు, జవాబు ముందే దొరికింది కనుక.

ముందు సీటు విప్పి పక్కన పెట్టారు. ఇంజను వైపు నుంచి డ్యాష్‌బోర్డు కిందికి ఒక రాగి గొట్టం వస్తుంది, ఏసీ గ్యాసు తిరిగేది అందులోనే. అతుకు దగ్గర సబ్బు నురగ పూసేసరికి బుడగలు ఉబ్బుతూ పగులుతూ వచ్చాయి. నట్టు కింద గొట్టం అంచు చిట్లి ఉంది. గ్యాసుతోపాటు దానిలో కలిసి ఉండే నూనె కూడా అక్కణ్ణుంచే కారుతోంది. పైన చుట్టిన స్పాంజి ఎప్పుడో చివికి రాలిపోయింది. దాంతో ఏసీ వేసినప్పుడల్లా చల్లటి గొట్టానికి చెమట పట్టి, ఆ నీళ్ళు కూడా కిందికే.

దైవాధీనం కార్పెట్టు ఎత్తాడు. దాని కింద పరిచిన గోనె పట్టా నూనే నీళ్ళూ తాగి తాగి నల్లగా, జిగురుగా కుళ్ళిపోయి ఉంది. కదిలించగానే షెడ్డంతా గుప్పుమంది. అదే వాసన. ఎండలో వదిలేసిన చేప వాసన.

"ఇదిగో నీ నీచు," అన్నాడు దైవాధీనం. "అవతల పారేసి రా."

కోటిలింగం దాన్ని రెండు చేతులా పట్టుకుని వీధి చివరి దాకా నడిచాడు. మొదట పట్టరాని సంతోషం వేసింది. నాది కాదు, మాది కాదు అని గట్టిగా అరవాలనిపించింది. చెత్తకుప్ప దగ్గరికి వచ్చేసరికి వాన గుర్తొచ్చింది. కాదండీ, ఎవరో అండీ. ఆ మాట అన్నది ఈ కుళ్ళిన గోనె ముక్క కోసమా? పోనీ, వాసన నిజంగా అమ్మదే అయితే? అప్పుడు ఆ మాట చెల్లిపోయేదా? అలా అనుకున్నాక అతనికి తన మీద తనకే రోత పుట్టింది. పంపు దగ్గర చేతులు కడిగాడు, మళ్ళీ కడిగాడు. ఇన్నాళ్ళకు నిజంగా వాసన అంటుకుంది, అంత తేలిగ్గా వదల్లేదు.

దైవాధీనం చిట్లిన అంచు కోసేసి, గొట్టం మూతి మళ్ళీ విప్పార్చి, కొత్త నట్టు బిగించాడు. గాలి పట్టించి సబ్బు నురగ పూస్తే ఈసారి ఒక్క బుడగ లేదు. పంపుతో గాలంతా లాగేసి గ్యాసు నింపాడు. గొట్టానికి కొత్త స్పాంజి తొడిగి, కార్పెట్టు కింద కొత్త పట్టా పరిచాడు.

కోటిలింగం ఎస్టీడీ బూత్ నుంచి గుడివాడకు ఫోను చేసి సంగతంతా చెప్పాడు.

"ఓహో, అదా!" అని పగలబడి నవ్వారు రావుగారు. "ఇన్నాళ్ళూ నువ్వే అనుకున్నాం చూడు! మా ఆవిడకి చెప్తానుండు, ఎంత నవ్వుకుంటుందో."

అవునండీ అంటూ కోటిలింగం కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియదు. ఫోను పెట్టేసే లోపల గబగబా అడిగేశాడు.

"అయ్యగారండీ, మా అమ్మకి మోకాళ్ళు బాగుండట్లేదండీ. అవనిగడ్డలో డాక్టరు గారికి చూపించాలండీ. రేప్పొద్దున కార్లో తీసుకెళ్ళనా అండీ?"

"దానికేం, తీసుకెళ్ళు. కూలింగూ చూసినట్టుంటుంది."

ముందు రోజే కబురు అందడంతో, పొద్దున్నే కారు ఇంటి ముందు ఆగేసరికి రాఘవమ్మ సిద్ధంగా ఉంది. తలంటుకుని, పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టుకుంది. వచ్చి పక్కన నిలబడగానే కోటిలింగానికి కర్పూరం వాసన వచ్చింది. కొడుకు చొక్కా మడతల్లో పెట్టుకోవడం ఆవిడ చూసింది మరి. చేతిలో, వానకు బుట్ట మీద కప్పుకునే ప్లాస్టిక్ పట్టా ఉంది. శుభ్రంగా కడిగి ఆరేసినట్టుంది. దాన్ని డ్రైవరు పక్క సీటు మీద పరిచి, అంచులు సరిచేసి, అప్పుడు కూర్చుంది.

"అదెందుకే, తీసెయ్," అన్నాడు. "ఆ వాసన మనది కాదమ్మా. కారుదే. గొట్టం కారి, కింద గోనె కుళ్ళింది."

"అట్లాగా," అంది. నమ్మినట్టు లేదు. "అయినా ఉండనీరా. మీ అయ్యగారి కారు."

ఏసీ చల్లగా వస్తోంది. రాఘవమ్మ చేతులు ఒళ్ళో దగ్గరగా పెట్టుకుని, దేన్నీ తాకకుండా కూర్చుంది. ఆ కప్పులేని స్టాపు దగ్గరికి వస్తుండగా కిటికీలోంచి చూసి చిన్నగా నవ్వింది.

"ఆ వాన రోజున ఇక్కడే ఉన్నాను. మీ కారు దూరాన్నుంచే ఆనవాలు పట్టాను. మీ అయ్యగారు నన్ను చూసి ఆపమంటారేమో, నీకు మాటొస్తుందేమోనని, కారు దగ్గరికొచ్చేసరికి బుట్ట దించి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గుర్తుపట్టలేదుగా?"

ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. కొడుకు పరువు కాపాడానన్న గర్వం.

లేదమ్మా అంటే సరిపోయేది. ఆవిడ తృప్తిగా ఇంకో ఊరు దాటేది. ఆ మాట కోటిలింగం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాదని ఒకసారి చెప్పినవాడికి రెండోసారి ఎంతసేపు? అతను కారు పక్కకు తీసి ఆపాడు.

"పట్టారమ్మా. మీ అమ్మ కాదూ అని అడిగారు. నేనే కాదన్నాను."

రాఘవమ్మ ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది. చల్లగాలికి నుదుటి మీద నెరిసిన వెంట్రుకలు కదులుతున్నాయి.

"మంచి పని చేశావు," అంది చివరికి. "లేకపోతే మీ అమ్మగారి ముందు నీకెంత చిన్నతనం."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. చెంప పగలగొట్టి ఉంటే ఆ చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. ఈ మాటకు స్టీరింగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. రాఘవమ్మ వాడి వీపు నిమరడానికి చెయ్యి ఎత్తింది. తెల్లటి డ్రైవరు చొక్కా చూసి, ఆ చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"పోనీరా అయ్యా, పద. డాక్టరు గారు వెళ్ళిపోతారు. ఆ అద్దం కాస్త దించు, లోపల వాసన పట్టేస్తుంది."

"పట్టదమ్మా," అన్నాడు కోటిలింగం.

కొడుకు మాట కాదనలేక ఆవిడ తలూపింది. కానీ పాదాలు కింది కార్పెట్టుకు తగలకుండా, అవనిగడ్డ దాకా, నొప్పెడుతున్న మోకాళ్ళు పైకి ముడుచుకునే కూర్చుంది.