బాయి పుస్తకాలు

ఇరవై ఏండ్ల సంది గోదావరిఖనిల ఆ కాలేజీ లైబ్రరీని కన్నబిడ్డ లెక్క సాకిన రాజకుమారికి, 2009 ఎండకాలంల ఒక్క కాయితం చూసి కడుపు మండిపోయింది. కొత్త ప్రిన్సిపాల్ రాంప్రసాద్ పంపిన కాయితమది. కంప్యూటర్లకు జాగ కావాలెనట. వ్యవసాయం కోర్సే లేని కాలేజీల వ్యవసాయం పుస్తకాలెందుకట. నాలుగు బీరువాలు శనివారం కల్లా పాత కాయితాల దుకాణానికి పంపాలెనట.

"మన దగ్గర వ్యవసాయం పుస్తకాలు ఏడున్నయి?" అనుకుంట కాయితం వెంట వచ్చిన లిస్టు తిప్పి, నెత్తి కొట్టుకున్నది. బాయిల గాలి, బాయిల పైకప్పు, బాయి పనిల భద్రత... అన్నీ బొగ్గు పని పుస్తకాలే! పుస్తకాల పేర్లు కంప్యూటర్ల ఎక్కించిన బయటూరి మహానుభావుడు బాయంటే నీళ్ళ బావి అనుకొని వ్యవసాయంల కలిపిండు.

సీదా ప్రిన్సిపాల్ రూముకు పోయింది.

"సార్, మా దిక్కు బాయంటే బొగ్గు గని. ఈడ మనిషి బాయికి పోయిండంటే నీళ్ళు తోడనీకి గాదు."

రాంప్రసాద్‌కు నవ్వొచ్చింది గానీ పట్టు వదల్లే. "పొరపాటే అనుకోండి. కానీ ఏడాది మొత్తంలో కంప్యూటర్‌లో వీటిని ఒక్కరూ వెతకలేదమ్మా. ఎవరూ చదవని పుస్తకాలెందుకు?"

"ఏడున్నయో ఎరికున్నోళ్ళు ఎందుకు వెతుకుతరు సార్? సీదా వచ్చి తీసుకుంటరు. మీరే వచ్చి చూడుండ్రి!"

ఆయన లేచి వెంట వచ్చిండు. లైబ్రరీ తలుపు కాడ బాయిల పనిచేసే గట్టయ్య, ఈ కాలేజీలనే డిగ్రీ చదివే ఆయన బిడ్డ సహస్ర నిలబడ్డరు. గట్టయ్య పొద్దటి షిఫ్టు దిగి అటే వచ్చినట్టున్నడు. చేతుల పేపరు అట్టేసిన పుస్తకం.

"అక్కా, పాసైన! మైనింగ్ సర్దార్ పరీక్ష పాసైన! మూడుసార్లు తప్పిన. ఈసారి బిడ్డ కార్డు మీద ఈ పుస్తకం తీసుకపోయి, డ్యూటీ దిగంగనే ముంగటేసుకొని కూసున్న. ఇగ బాయిల పది మందికి పని జెప్పేటోన్ని!"

"శభాష్ తమ్మీ!" రాజకుమారికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

రాంప్రసాద్ ఆ పుస్తకం అందుకొని వెనక అట్ట తెరిచిండు. తారీఖుల చిట్టీ నిండితే దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి అంటించి ఉన్నయి. పేజీల అంచులకు బొగ్గు వేలిముద్రలు. ఆయన ఒక్కో తారీఖు మీద వేలు పెట్టి చూసిండు. తర్వాత రాజకుమారి చేతిలోని కాయితం తీసుకొని తనే చించేసిండు.

"బీరువాలు ఇక్కడే ఉంటాయి. కంప్యూటర్లకు వేరే గది చూస్తాను. ముందు ఈ పుస్తకం నా పేరున రాయండమ్మా. బాయి అంటే ఏంటో నాకూ తెలియాలి."

రాజకుమారి రిజిస్టరు తెరిచింది. నవ్వు ఆగుతలేదు.

"రాస్త సార్. కానీ లైన్ల ఉండాలె. మీ ముంగట పదకొండు మంది ఉన్నరు."