నాలుగో వాటా ముగ్గు చిప్ప

అక్షరాలు యాభై ఎనిమిదో ఏట దిద్దాను. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక పేజీ నిండడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది. ఇక మాట్లాడేది నా ముగ్గు చిప్ప.

నేను ఒక కొబ్బరి చిప్పను. విశాఖలో కనకరత్నంగారి ఇంటి నాలుగో వాటాలో నాకు ఈ బతుకు వచ్చింది. నాలోని కొబ్బరి పచ్చడికి పోయాక, అప్పట్లో ఆ గదిలో అద్దెకున్న ముత్యాలు నన్ను గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, ముగ్గుపిండి పోసి గుమ్మం పక్కన పెట్టుకుంది.

ఆ ఇంట్లో అయిదు వాటాలకు ఒకటే కుళాయి, ఒకటే స్నానాల గది. గేటుకు రేకు బోర్డు: ‘రాత్రికి చుట్టాలు ఉండరాదు’. తెల్లారగానే కనకరత్నంగారు వరండాలో నడుస్తూ గుమ్మాల ముందున్న చెప్పుల జతలు చూసేది. ఒకరోజు ముత్యాలు గుమ్మంలో అల్లుడి చెప్పులు కనిపించాయి. నెలాఖరుకు ముత్యాలు ఖాళీ చేసింది, నేను కిటికీలో మిగిలాను. ఆ బోర్డు కిందే రోజూ ముగ్గు పెట్టి లక్ష్మీదేవిని లోపలికి పిలుస్తారు. ఆవిడ నిజంగా వచ్చి రాత్రికి ఉండిపోతే ఏం చేస్తారో నాకు తెలియదు.

తర్వాత పైడమ్మ వచ్చింది. భర్త పోయాక పక్క వీధిలో రెండిళ్లకు వంట చేసి బతుకుతోంది, రాత్రిళ్లు పెద్దల బడిలో అక్షరాలు దిద్దుతోంది. ఈ గది పోతే ఆ పనీ పోతుంది. ఆమె ముగ్గంటే నాలుగు గీతలే.

ఒక సాయంత్రం ఊరి నుంచి చెల్లెలు ఎర్రమ్మ దిగింది. మర్నాడు కంటి ఆపరేషన్. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, ఊళ్లో తొలి బస్సెక్కినా అందదు. అడిగితే కాదంటారని పైడమ్మ అడగనేలేదు. చెల్లెలి చెప్పులు బియ్యం డబ్బా వెనక దాచింది. దగ్గొస్తే దిండులో దగ్గమంది.

పొద్దున్నే పైడమ్మ కుళాయి దగ్గరికి వెళ్లింది. నలభై ఏళ్లుగా లేవగానే వాకిలి చిమ్మే ఎర్రమ్మ చేతులు ఊరుకోలేదు. కళ్లాపి చల్లి నాలో చెయ్యి పెట్టింది. ఒక కంటికి మసకే, అయినా ఇరవై ఒక్క చుక్క పెట్టి నాలుగు పద్మాలు కలిపి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను మురిసిపోయాను. బుద్ధి లేనిదాన్ని.

“ఎవరేశారే ఇది?” చెప్పులు చూస్తూ వచ్చిన కనకరత్నంగారు ముగ్గు ముందు ఆగింది.

పైడమ్మ బకెట్టుతో నిలబడిపోయింది. “నానేనమ్మగోరూ.”

“నాలుగు గీతల దానివి, పద్మాలెప్పుడొచ్చాయి? నీ బడిలో ముగ్గులు కూడా చెప్తున్నారా? ఏదీ, పక్కన ఇంకోటి వెయ్యి, చూస్తాను.”

మిగతా వాటాలవాళ్లు నోట్లో బ్రష్షులతోనే వచ్చి చూస్తున్నారు. పైడమ్మ నన్ను పట్టుకుంది. నా అంచు విరుగుతుందేమో అన్నంత గట్టిగా. మూడో వరస దాకా చుక్కలు సరిగానే పడ్డాయి. నాలుగో వరసలో చెయ్యి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఎర్రమ్మ వచ్చి అక్క చేతిలోంచి నన్ను తీసుకుంది. “అక్కకి రాదమ్మా. నానే ఎట్టినాను. కన్ను కోయించుకుందారని వొచ్చినాను. అక్కనేటీ అనకండి.”

“ముందు ఒక్క మాట అడగాలని తెలీదా? ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యి, పైడమ్మా.”

“సేత్తాను,” అంది పైడమ్మ. “ఇప్పుడు మాత్రం దారివ్వండి. ఏడింటికి రమ్మన్నారు.”

కనకరత్నంగారు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, గోడకు ఆనుకుని, జాగ్రత్తగా పక్కనుంచి వెళ్లిపోయింది. ముగ్గు తొక్కలేదు.

ఒకటో తారీఖున పైడమ్మ నన్ను కిటికీలో వదల్లేదు. పాత చీరలో చుట్టి ఎర్రమ్మ ఇంటికి తెచ్చుకుంది. వంట పని రెండిళ్లలోనూ పోయింది. ఎర్రమ్మ కన్ను బాగుంది, నా పిండి ఇప్పుడు చకచకా అయిపోతోంది. ఈ ఇంటికి గేటూ లేదు, బోర్డూ లేదు. అయినా పడుకోబోయే ముందు పైడమ్మ తన చెప్పులు లోపల దాచుకుంటుంది. పొద్దున్నే ఎర్రమ్మ వాటిని తీసి, ముగ్గు చెరగకుండా, గుమ్మం ముందు తన జత పక్కన పెడుతుంది.

బెవర పైడమ్మ,
అరవై ఒక్క ఏళ్లు,
మా చెల్లెలు ఎర్రమ్మ ఇల్లు, గుర్ల.