ఎర్రదారం సీసా

రాహేలమ్మ పరీక్షనాళికను బ్రష్షుతో తోమి, కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, మరక కనబడితే మళ్లీ తోమింది. వికారాబాద్‌లోని ఆ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆమె అటెండర్‌గా చేరి ముప్పై ఒక్కేళ్లు. రోజూ బంట్వారం నుంచి మొదటి బస్సుకే వస్తుంది. పొట్టి మనిషి, వేళ్ల కొనలు యాసిడ్లకు పసుపెక్కి గట్టిపడ్డాయి, నవ్వితే మాత్రం పదేళ్ల పిల్ల. ఈరోజు ఎర్రంచు కొత్త చీర కట్టుకొచ్చింది. సాయంత్రం నాలుగింటికి రిటైరవుతుంది.

అందుకు ఆమెకు దిగులేమీ లేదు. ఆశల్లా ఒక్కటే. చివరి గంటలో బ్రోమిన్ నీళ్ల ప్రయోగం ఉంది. పాలు పోయని చాయ్ రంగులో ఉండే ఆ నీళ్లు, గ్యాసు బుడగలు తగలగానే తేటపడిపోతాయి. ఏడాదికొక్కసారి వచ్చే ఆ ప్రయోగమంటే ఆమెకు ప్రాణం. తన చేత్తో చేసే అవకాశం ఎప్పుడూ రాలేదు. రాకపోతే పోనీ, వెళ్లేముందు ఇంకొక్కసారి కళ్లారా చూస్తే చాలు.

ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకే సీసాల మెడలకు చీర అంచు దారాలు కట్టుకునేది. పొటాషియం క్షారం రెండు సీసాల్లో ఉంటుంది. నీళ్లలో కలిపినదానికి తెల్లదారం, ఆల్కహాల్‌లో కలిపినదానికి ఎర్రదారం. కొత్త లెక్చరర్ నిరోషా నిన్న బీరువా సర్దుతూ ఈ చింపిరి దారాలేమిటని అన్నీ కత్తిరించి పారేసి, ఇంగ్లీషు చీటీలు అంటించింది. ముచ్చటపడుతోంది, పడనీలే అని రాహేలమ్మ ఊరుకుంది.

చివరి గంట వచ్చింది. అరవైమంది పిల్లల ముందు నిరోషా బ్రోమోఈథేన్‌లో, ఆల్కహాల్ అని చీటీ ఉన్న సీసాలోని క్షారం పోసి వేడి చేసింది. బ్రోమిన్ నీళ్లలో ముంచిన గొట్టం చివర నాలుగు గాలి బుడగలు వచ్చి ఆగిపోయాయి. చాయ్ రంగు మారలేదు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి, నిరోషా నుదుట చెమట పట్టింది. గడియారం మూడున్నర చూపిస్తోంది.

రాహేలమ్మ ముందుకొచ్చి సీసా మూత తీసి, అరచేత్తో విసురుకుని వాసన చూసింది. స్పిరిట్ వాసన లేదు.

"మేడం, గిది నీళ్లది. చీటీలు తారుమారైనయి."

"మీకెట్ల తెలుసమ్మా?"

"నీళ్లల్ల కలిపింది పోస్తే ఆల్కహాల్ తయారైతది. ఆల్కహాల్ల కలిపింది పోస్తెనే గ్యాసు వస్తది. ముప్పై ఏండ్ల సంది వెనక నిలవడి గిదే ఇంటున్న."

పిల్లలు గొల్లున నవ్వారు. నిరోషాకు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. కళ్లకున్న రక్షణ అద్దాలు తీసి రాహేలమ్మ చేతికిచ్చింది. "అయితే మీరే చేయండమ్మా."

రాహేలమ్మ చేసింది. ఒక్క చుక్క ఒలకలేదు. బుడగలు వరసకట్టాయి, రంగు పలచబడింది, నీళ్లు తేటపడ్డాయి. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆమెకు ఏడుపు కూడా వచ్చింది గానీ, నవ్వే ముందొచ్చింది.

గిన్నెలు కడుగుతూ ఏటా అడిగే ప్రశ్నే అడిగింది. "రేపు ఫ్రిజ్ గ్యాసు పాఠం కద మేడం. ఆకాశంల ఓజోన్ పొరకు గా గ్యాసు పెట్టిన చిల్లు పూడిందా?"

"పూడుతున్నది. పాత గ్యాసులు బందైనయి కద. ఇంకో నలభై ఏండ్లు పడుతదేమో."

"పూడుతుంటే సాలు. ఇగ ఫికర్ లేదు," అని రాహేలమ్మ చేతులు తుడుచుకుంది. నాలుగింటికి బీరువా తాళంచెవి టేబుల్ మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు నిరోషా చీటీలు సరిచేద్దామని బీరువా తెరిచింది. ఆల్కహాల్ క్షారం సీసా మెడకు, నిన్నటి కొత్త చీర అంచు నుంచి లాగిన ఎర్రదారం రెండు ముళ్లతో బిగించి ఉంది.