ఫారంలో లేని గడి

1927 మార్చి నెల. అనంతగిరి పారిశ్రామిక రసాయన పాఠశాలకు గుర్తింపు వస్తుందో, తాళమే పడుతుందో ఆ రోజు తేలిపోవాలి. తాతారావు మేస్టరు పొద్దుటి నుంచి గుమ్మంలోకీ గదిలోకీ తిరుగుతూనే ఉన్నాడు. ఊళ్లో వాళ్లు ఎంత నవ్వినా దులిపేసుకుని, మూడేళ్లుగా పన్నెండు మంది కొండవాళ్లకి గడ్డిలోంచి నూనె, చెక్కలోంచి రంగు తీయడం నేర్పాడాయన. బడి ఉద్దేశాలేమిటని పైవాళ్లు అడిగితే ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసిచ్చాడు. గుర్తింపు ఉంటేనే వాళ్లకి యోగ్యతా పత్రం. పత్రం ఉంటేనే కింద మైదానంలో నూనె కర్మాగారం వాళ్లు పనిస్తామన్నారు.

ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ పంతులు గుర్రం మీద వచ్చాడు. వెనకాలే ఫారాల పెట్టె మోసుకుంటూ బంట్రోతు పైడయ్య వచ్చాడు. ఖాకీ కోటు, నడుముకి బెల్టు, ఛాతీ మీద ఇత్తడి బిళ్ల.

పంతులు శిష్యులందరిలోకీ చురుకైన సోంబరునే లేపాడు.

"గడ్డిలోంచి నూనె ఎలా తీస్తారోయ్?"

"తెల్దు బాబూ."

"పోనీ, ఆవిరి పట్టడం ఎప్పుడైనా చూశావా?"

"నేదు బాబూ. మా ఇంటా వంటా నేదు."

నిన్న సాయంత్రమే సీసాడు నూనె తీసిన మనిషి! పక్కనున్న సుక్రు మరీ ఘనుడు. "నాను కుండే సూడనేదు బాబూ" అనేశాడు.

పంతులు కలం సిరాలో ముంచాడు. "మూడేళ్లుగా వీళ్లకి మీరు నేర్పిందేమిటండీ?"

మేస్టరుకి ఏడుపొక్కటే తక్కువ. సోంబరుని నాలుగు తిట్టాలని నోరు తెరిచి, ఆగాడు. సోంబరు చూపు తన మీదా లేదు, పంతులు మీదా లేదు. పైడయ్య బిళ్ల మీద ఉంది.

దొంగసారా పట్టుకునే అబ్కారీ బంట్రోతులదీ అదే వేషం. ఇప్పసారా కాచాడని పోయినేడు సోంబరు అన్నని అలాంటి బిళ్లవాడే కట్టి తీసుకుపోయాడు. సారా దించేదీ ఆవిరి పట్టే. బిళ్ల ఎదుట ఆ పని వచ్చునంటే ఏమవుతుందో కొండ మీద పసిపిల్లకైనా తెలుసు. తెలియనిది చదువుకున్న మేస్టరొక్కడికే.

"ఒరే సోంబరూ, ఇతను అబ్కారీ మనిషి కాదురా. పంతులుగారి కాయితాలు మోస్తాడంతే."

"నిజమేటి?"

పైడయ్య పకపకా నవ్వాడు. "నానేటి, అబ్కారీయేటి! పెట్టె మోసుకునీవోణ్ణి నాయనా." పంతులు కనుసైగ చేయగానే కోటు విప్పి, బిళ్లతో సహా గోడ మేకుకి తగిలించేశాడు.

ఇక చూడాలి సోంబరుని! పంచె ఎగగట్టి, బానలో నిమ్మగడ్డి కూరి, నీళ్లు పోసి పొయ్యి రాజేశాడు. మూత సందుల్లోంచి ఆవిరి చిమ్మితే చోడిపిండి, అదే రాగిపిండి, ముద్దగా కలిపి చిటికెలో మెత్తాడు. గొట్టానికి తడిగుడ్డ చుట్టి, ఆరనీయకుండా నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

"ఆ గుడ్డెందుకు?"

"ఆవిరి సల్లారితేనే గదా బాబూ నీరయ్యీది. గొట్టం ఏడెక్కిందంటే సరుకంతా గాల్లోకి పోద్ది."

"మరి నీరూ నూనే కలిసి దిగుతాయిగా?"

"నూనె తేలిక బాబూ, పైకి తేలతాది. కింద నీరు ఒదిలేత్తే సరి."

గదంతా నిమ్మవాసన నిండింది. పంతులు ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టి, ఫారంలో ఉద్దేశాల గడిలో ఒక్క వాక్యం రాశాడు: "విద్యార్థి పని చేయగలడు, ఎందుకలా చేశాడో చెప్పగలడు." కింద సంతకం పెట్టి ముద్ర వేశాడు. గుర్తింపు వచ్చేసింది. మేస్టరుకి కళ్లనీళ్లు ఆగలేదు. మూడేళ్ల బరువు దిగిపోయి, కూలబడినట్టే బల్ల మీద కూర్చున్నాడు.

గుర్రమెక్కబోతూ పంతులు వెనక్కి తిరిగాడు. "అవునోయ్ సోంబరూ, ఆ చోడిపిండి కిటుకు ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడ నేర్చావు?"

సోంబరు పైడయ్య వైపు చూశాడు. అతను కోటు మళ్లీ తొడిగేసుకున్నాడు.

"తెల్దు బాబూ."

పంతులు గుర్రం బెదిరేలా నవ్వాడు. "పోనీలే. అది రాసుకునే గడి నా ఫారంలో లేదు."