మైకు తాగేసిన బ్యాటరీ

మంచం కింద బ్యాటరీ లేదు. దుమ్ములో దాని నలుచదరపు అచ్చు మాత్రం మిగిలింది.

కావలికి తూర్పున, రొయ్యల గుంటల గట్టు మీదున్న ఆ ఇంటికి కరెంటు తీగ రాలేదు. ఫోనులో సిగ్నలు నిలవదు. అందుకే డెబోరా రొయ్యల తలలు తీసిన కూలితో ఇంటిమీద ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ పెట్టించుకుంది. సోలార్ పలక నింపే ఆ బ్యాటరీయే దానికి ఊపిరి. ఈ ఉదయం నర్సు ఉద్యోగానికి ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు ఆమెను వీడియోలో ప్రశ్నిస్తారు. వారమంతా మబ్బు. ఫ్యాను వేయనీయలేదు, దీపం పెట్టనీయలేదు; ఉక్కను ఓర్చి, దోమను ఓర్చి, ఆ కాస్త కరెంటూ దాచింది.

"అమ్మా, బ్యాటరీ ఏదీ?"

అంట్లు తోముతున్న రెబెక్కమ్మ తలెత్తలేదు. "ఏసుమణి తీసకపొయినాడు. ఉపవాస కూడికలో మైకుకంట."

"ఈ పొద్దు ఇంటర్వ్యూ అని చెప్పినా గదా."

"మందిరానికి అడిగితే లేదంటామా? ప్రభువు పనికి ఇచ్చింది తరిగిపోద్దా ఏందే?"

ఆ ఇళ్లలో అదే ఆనవాయితీ. మందిరం అడిగితే చాప, మందిరం అడిగితే బిందె, మందిరం అడిగితే కోడి. అది ఎవరి కష్టమో ఎవరూ అడగరు. డెబోరా చెప్పులైనా తొడుక్కోకుండా గట్టు వెంబడి దూసుకుపోయింది.

రేకుల మందిరంలో పట్టుమని ఇరవైమంది లేరు. సంఘపెద్ద ఏసుమణి మైకును పెదవులకు ఆనించి పాడుతున్నాడు. స్పీకరు మోతకు రేకులు అదురుతున్నాయి. డెబోరా వంగి వైర్లు పీకింది. పాట సగంలో తెగింది.

"ఏందమ్మా ఇది, ప్రార్థన మధ్యలో?"

"నాలుగు గోడల నడుమ మైకెందుకన్నా? ప్రభువుకు చెవుడా?"

"ఆడపిల్లకు ఇంత పొగరా," అని ఒక ముసలామె గొణిగింది.

"పొగరు కాదవ్వా, చార్జింగు. నేను దాచుకున్న చార్జింగు."

బరువైన బ్యాటరీని పొట్టకు అదుముకొని, ఒగురుస్తూ ఇల్లు చేరింది. తీగలు కలిపింది. డిష్ ఆకాశాన్ని వెతుక్కుంది. ఫోను తెరమీద కళ్లజోడు పెద్దమనిషి కనిపించాడు.

"చెప్పండమ్మా, ఈ పనిలోకి ఎందుకు రావాలనుకున్నారు?"

ఆమె నోరు తెరిచింది. ఇన్వర్టర్ కీచుమంది, ఎర్రదీపం మినుకుమంది, డిష్ ఆగిపోయింది. మిగిలిన చార్జింగంతా మైకు తాగేసింది. తెరమీద ఆ ముఖం సగం మూసిన కళ్లతో బిగుసుకుపోయింది. పైన మబ్బు కదలలేదు.

గుంటల మీదుగా పాట మళ్లీ వచ్చింది. మైకు లేదు, స్పీకరు లేదు. చరణం చరణమూ తెలుస్తోంది.

రెబెక్కమ్మ చెయ్యి తుడుచుకుంటూ గడపలో నిలబడింది. "మైకు లేకపొయినా బాగానే వినపడతా ఉండాదే."

డెబోరా తల్లివైపు చూడలేదు. బిగుసుకున్న ఆ ముఖం ఎదుట నిటారుగా కూర్చొని, వినే దిక్కు లేకపోయినా, పాటను మించిన గొంతుతో తన జవాబు మొదటినుంచి చెప్పసాగింది.