ఉడుత గొంతు

గదిలో ఫ్యాను ఆపేసి చాలాసేపయింది. తిరిగితే దాని చప్పుడు మైకులో పడుతుంది. తిరక్కపోతే మనిషి చెమటలో పడుతుంది. గోడల నిండా పాత పరుపుల్లోంచి పీకిన స్పాంజి అంటించారు. ఆ గదిలో గుడ్డు పెడితే పావుగంటలో ఉడికిపోయేది. అక్కడిచ్చే కూలితో గుడ్డు కొనుక్కున్నవాళ్ళు లేరు కాబట్టి ఆ సంగతి ఇంతవరకూ రుజువు కాలేదు.

"అక్కా, కాస్త ఉషారుగా! ఇంట్లో ఎవరో పోయినట్టు చదువుతున్నావేంటి?" అన్నాడు అద్దం అవతల నుంచి ఎడిటర్.

మైకు ముందున్నామెను ఆఫీసులో అందరూ ఉడుతక్క అంటారు. పిల్లల ఆన్‌లైన్ పాఠాల్లో చరిత్ర, సైన్సు, భూగోళం చెప్పే బొమ్మ ఉడుతకు గొంతు ఆమెదే. ఆ ఉడుతకు రాని విద్య లేదు. పొద్దున అగ్నిపర్వతంలోకి దూకుతుంది, మధ్యాహ్నం ఒక సామ్రాజ్యాన్ని కూలగొడుతుంది, సాయంత్రానికల్లా చంద్రుడి మీద కాయ కొరుక్కుంటూ కూర్చుంటుంది. కూలి మాత్రం నిమిషాల లెక్కన. దగ్గుకు, తుమ్ముకు, తడబడిన మాటకు కూలి లేదు. గొంతు ఎవరిదో పిల్లలకు తెలియకూడదని కంపెనీ షరతు. ఉడుత నిజంగా ఉడుతేనని వాళ్ళు నమ్మాలట.

అంతకుముందు ఆమె ఒక చిన్న బడిలో టీచరు. ఆ బడివాళ్ళు ఈ పాఠాలు కొనుక్కుని టీచర్లను ఇంటికి పంపేశారు. తన ఉద్యోగం మింగిన ఉడుతకే గొంతు అరువిచ్చి పొయ్యి వెలిగించుకుంటోంది. కోపం రాదా అంటే, "ఉడుతేం చేసింది పాపం," అనేది.

ఇవాళ ఒక్క వాక్యం దగ్గర నోరు పెగలడం లేదు.

'నీళ్ళు రంగురంగులుగా ఉన్నాయని భయమా? రండి, నాతోపాటు వాగులోకి దిగండి!'

ఆ వాగు ఆమె ఉండే వాడ పక్క నుంచే పారుతుంది. ఎగువన బట్టలకు రంగులద్దే మిల్లుంది. సోమవారం వాగు ఎర్రగా, గురువారం నీలంగా ఉంటుంది. వాడలో క్యాలెండర్లు కొనడం మానేశారు. జనం గొణుగుడు మొదలుపెట్టేసరికి మిల్లువాళ్ళు పెద్దమనసు చేసుకుని వాడ పిల్లలందరికీ ఈ పాఠాలు ఉచితంగా ఇప్పించారు. చదువంటే కాదనేదెవరు? 'మన వాగు' అనే పాఠం మాత్రం దగ్గరుండి వాళ్ళే రాయించుకున్నారు. నీళ్ళ రంగు ఎండ చేసే గారడీ అని మొదటి భాగంలో ఉడుత చెప్పింది. ఉడుతక్క ఆ ముక్కను రెండు డైనోసార్ల మధ్య గబగబా చదివేసి, ఆ నిమిషాలు కూడా లెక్కలో వేయించుకుంది.

పొద్దున ఆమె ఆడపడుచు తన కూతుర్ని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఏడేళ్ళ పిల్ల. మోకాళ్ళ కింద చర్మమంతా ఎర్రగా పొంగి, బొబ్బలు లేచి ఉంది.

"వాగులోకెందుకు దిగావే అంటే ఏమంటుందో నువ్వే విను వదినా."

"ఉడుత చెప్పిందత్తా. అదంతా ఎండ గారడీ అంట," అంది పిల్ల, ఏడుపు దిగమింగుకుంటూ. "అమ్మకి సైన్సు రాదు."

గొంతెవరిదో తల్లికి తెలుసు. ఆమె పిల్లను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఉడుతక్క కాగితం కింద పెట్టింది.

"ఈ మాట నేను చదవను."

"నాకేం వినపడలేదక్కా," అన్నాడు ఎడిటర్ కంగారుగా. "మళ్ళీ చెప్పకు."

చెప్పనక్కర్లేకపోయింది. మైకు ఆన్‌లోనే ఉంది. పై గదిలో కంపెనీ నడిపే సారు విన్నాడు, కిందికి దిగాడు. సారు ఎప్పుడూ అరవడు. జీతాలు కోసేటప్పుడు కూడా జోల పాడినట్టే మాట్లాడతాడు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది సార్. మా పిల్ల కాళ్ళే బాలేవు. వాగులోకి దిగింది."

"పిల్లలన్నాక దిగరా? మనం చెప్పామని దిగిందా ఏంటి?"

"మనం చెప్పామనే దిగింది సార్."

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రాసింది మనం కాదు కదమ్మా. ఉత్తరంలో ఏముందో పోస్టుమాను చూస్తాడా?"

"చూడడు. నేను చూసేశాగా సార్."

"సరే. 'జాగ్రత్తగా దిగండి' అని మారుద్దాం. సైన్సుకి సైన్సు, జాగ్రత్తకి జాగ్రత్త."

"అయితే మీ పిల్లల్ని తీసుకురండి సార్. జాగ్రత్తగానే దింపుదాం."

ఎడిటర్‌కు సరిగ్గా అప్పుడే పొలమారింది. సారు మాత్రం నవ్వాడు.

"నువ్వు చదవకపోయినా పనేం ఆగదమ్మా. ఇన్నాళ్ళు చదివిన గొంతంతా మా దగ్గరే ఉంది. కంప్యూటరు అందులోంచి ఏరుకుని ఏ మాటైనా నీలాగే అనేస్తుంది. దానికి దగ్గు కూడా రాదు. నీ ఇల్లు గడవాలనే ఇంతకాలం పిలిచాం."

"నేను చదవనన్నానని కూడా అది చెప్తుందా సార్?"

"అది మనం అడగం కదమ్మా."

ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చేసింది. రేపట్నుంచి పొయ్యి సంగతేంటో ఆమెకు తెలియదు.

మర్నాడు సాయంత్రం ఉడుతక్క ఇంటి మెట్ల మీద ఒకే ఒక్క ఫోను చుట్టూ వాడ పిల్లలంతా ముసిరి ఉన్నారు. వెనక ఉన్నవాళ్ళకు ముందువాళ్ళ తలకాయలే పాఠం. బొమ్మలెప్పుడో సిద్ధమైపోయాయి, గొంతే తరువాయి, అదీ వచ్చేసింది.

"రండి, నాతోపాటు వాగులోకి దిగండి!"

అది ఆమె గొంతే. ఆమె ఎన్నడూ అనని మాట. పైగా ఆమెకన్నా ఉషారుగా ఉంది.

పిల్లలు బిలబిలా లేచారు. ఒకడు ఆడపడుచు కూతురి కాళ్ళకున్న కట్లు చూసి ఆగాడు. "నీకు బొబ్బలొచ్చాయిగా?"

"అవి ఎండకొచ్చాయిరా. ఉడుత చెప్పలా?" అంది పిల్ల.

ఉడుతక్క చేతులు చాపి దారికి అడ్డం నిలబడింది. "వద్దర్రా. ఎవరూ దిగకండి."

"నీకు కూడా సైన్సు రాదత్తా!"

ఉడుతక్క అటూ ఇటూ చూసింది. ఊపిరి పీల్చుకుని, నడివీధిలో, పగటి వెలుగులో, ఉడుత గొంతెత్తింది.

"బుజ్జి నేస్తాల్లారా! నేను తప్పు చెప్పాను. ఆ రంగు ఎండది కాదు, మిల్లుది. ఎవరూ దిగొద్దు!"

ఎక్కడి పిల్లలక్కడ ఆగిపోయారు. దారినపోయే ఇద్దరు పెద్దవాళ్ళు కూడా ఆగి, ఈమెకేమైనా అయిందా అన్నట్టు చూశారు. పిల్ల కుంటుకుంటూ దగ్గరికొచ్చి ఆమె నోటివంక పట్టి పట్టి చూసింది.

"అత్తా, ఉడుత నీలో ఎప్పుడు దూరింది?"

"దూరలేదమ్మా. మొదట్నుంచీ నేనే."

"అబద్ధం. ఉడుతకి తోకుంటుంది."

వెనక ఎవరో పాఠాన్ని మళ్ళీ మొదటికి తిప్పారు. ఫోనులోంచి అదే గొంతు పిలుస్తోంది. పిల్ల ఒకసారి ఫోనువంక, ఒకసారి అత్తవంక చూసింది. మిగతా పిల్లలంతా చెప్పులు చేతుల్లో పట్టుకుని, ఆ పిల్ల ఏమంటుందోనని ఎదురుచూస్తున్నారు.